మా రెండు గంటలకు లెక్క అడిగేటోళ్లకు

పోస్టు జర పెద్దగుంటది. సైట్ మీద తెరవకండి, ఫోర్‌మన్ చూస్తడు. సెలవు నాడు తిన్నంక తీరిగ్గా చదవండి.

ఈ నెలలో నాకు ఒకటే మెసేజ్ నాలుగు గ్రూపుల నుంచి వచ్చింది. మీకు కూడా వచ్చే ఉంటది. దాని సారం ఏందంటే, గల్ఫ్‌లో ఉన్న పోరగాండ్లు రోజుకు రెండు గంటలు ఫోన్లో సినిమాలు, రీల్స్ చూసి పాడైపోతున్నరంట. ఏడాదికి 730 గంటలు మన్నుపాలంట. ఆ టైంలో ఏదన్నా కోర్సు నేర్చుకుంటే జీతం పెరుగుతదంట. పైన సూర్యుడు లేచే ఫోటో, కింద దండం పెట్టే బొమ్మ. దాని కింద మనోళ్లే "నిజం అన్నా", "కరెక్ట్ అన్నా" అని రాసిన్రు. అది చూసే నాకు ఎక్కువ మండింది.

లెక్క తప్పు కాదు. రోజుకు రెండైతే ఏడాదికి 730ఏ. కానీ ఆ లెక్క రాసినాయన మిగిలిన 22 గంటలు ఎక్కడ పోయినయో రాయలే. అది నేను రాస్త.

పొద్దున 4 గంటలకు లేస్తం, ఎందుకంటే బాత్రూం కాడ లైను. 5కు బస్సు. 6కు సైట్. 8 గంటలు పని, నడుమ గంట తిండికి, 2 గంటలు ఓటీ. సాయంత్రం 5 అయితది. మళ్ల బస్సు, మళ్ల ట్రాఫిక్. క్యాంపుకు వచ్చేసరికి ఆరున్నర. స్నానానికి లైను, పొయ్యి కాడ లైను, బట్టలు పిండుకునుడు, తినుడు. ఎనిమిదిన్నర. పదిన్నరకు లైటు ఆర్పకపోతే పొద్దున మనిషి లేవడు. నేను చేసేది స్కఫోల్డింగ్ పని. నిద్ర చాలకుండా పైపు మీద నిలబడితే ఏమైతదో మీకు చెప్పాల్సిన పని లేదు.

అంటే మిగిలింది ఎనిమిదిన్నర నుంచి పదిన్నర. ఆ రెండు గంటలే. అండ్లనే ఇంటికి ఫోన్. మనకు ఎనిమిదిన్నర అంటే ఇండియాలో పది. పెండ్లయిన అన్నలకైతే పిల్లలు అప్పటికే పడుకుంటరు. పడుకున్న పిల్లల మొఖం మీదికి ఫోన్ పట్టి చూపిస్తది వదినె. అది చూసి ఫోన్ పెట్టేసినంక ఆ మనిషి ఒక కామెడీ బిట్టు పెట్టుకుంటే, అది టైం పాస్ అంటున్నరు. నేను దాన్ని మందు అంట.

ఇప్పుడు కోర్సు సంగతి. నేర్చుకునేటోళ్లు నేర్చుకుంటున్నరు. మా క్యాంపులోనే ఒక తమ్ముడు యూట్యూబ్ చూసి ఏసీ పని నేర్చుకుండు, ఇంకో అన్న ఇంగ్లిష్ నేర్చుకుంటుండు. వాళ్లకు దండం. కానీ పది గంటలు ఎండలో ఇనుము మోసినోణ్ణి రాత్రి పూట కూడా చదువుమని చెప్పేటోడు, తను సాయంత్రం ఆఫీస్ నుంచి వచ్చి ఏం చేస్తడు? సోఫాలో కాళ్లు చాపి పెద్ద టీవీలో సిరీస్ చూస్తడు. దాన్ని "రిలాక్స్" అంటరు. మనం బంక్ బెడ్ మీద పండుకొని చేతిలో ఫోన్ పట్టుకుంటే "పిచ్చి" అంటరు. చేసేది ఒకటే పని. పేరు మాత్రం జీతం చూసి పెడతరు.

ఈ ముచ్చట కొత్తది కాదు. 8 గంటలు పని, 8 గంటలు నిద్ర, 8 గంటలు మా ఇష్టం అని కార్మికులు కొట్లాడి వంద ఏండ్లు దాటింది. 1886లో చికాగోలో నెత్తురు కారింది దీని కోసమే, మే డే దాని గుర్తే. వాళ్లు అడిగింది పని తగ్గించుమని ఒక్కటే కాదు. మూడో 8 గంటలు మావి అన్నరు. ఆ గంటల్లో ఏం చేస్తవని ఎవడూ అడగొద్దన్నరు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1924లోనే కార్మికుల ఖాళీ సమయం గురించి ప్రత్యేకంగా ఒక సిఫారసు చేసింది. 1948 నాటి మానవ హక్కుల ప్రకటనలో 24వ ఆర్టికల్ విశ్రాంతి, తీరిక మనిషి హక్కు అని చెప్తది. 8 గంటల్లో మనకు చేతికి దొరికేది 2. ఆ రెంటికి కూడా లెక్క చెప్పాలంట!

ఇంకో సంగతి. మనకు వినోదం గురించి నీతులు చెప్పే ఊళ్లకు, ఆ వినోదం తెచ్చిందే మన ముందటి తరం. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కు పెద్దమనుషులను అడగండి. టేప్ రికార్డర్ ఎక్కడి నుంచి వచ్చింది? వీసీఆర్ ఎక్కడి నుంచి వచ్చింది? దుబాయ్ పోయినోళ్లు మోసుకొచ్చిన్రు. మా వాడకట్టులో మొదటి కలర్ టీవీ ఒక దుబాయ్ పెద్దనాయినదే. ఆదివారం సినిమాకు వాళ్ల వాకిలి నిండుతుండె. ఉత్తరం రాయరానోళ్లు క్యాసెట్లో మాట్లాడి పంపుతుండిరి. ఇంటోళ్లు దాన్ని పదిసార్లు వేసుకొని విని ఏడుస్తుండిరి. ఆ తర్వాత ఫ్లాట్ టీవీల కాలం వచ్చింది. విమానాశ్రయంలో బెల్టు మీద మన టీవీ డబ్బాలే తిరుగుతుండె. చివరికి 2013 ఆగస్టులో మన సర్కారే ఆ టీవీలకు బ్యాగేజీలో ఉన్న మినహాయింపు తీసేసి 36 శాతం దాకా సుంకం వేసింది.

ఊరి మీద ఉన్న ప్రతి ఇంట్లో టీవీ పెట్టినోడు తను మాత్రం ఎనిమిది మంది రూములో చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకొని ఆరు అంగుళాల తెర చూస్తుండు. ఆయనకు సుద్దులు చెప్పొద్దు.

ఒక మాట చెప్త, ఇది సినిమా పిచ్చో కాదో మీరే చూసుకోండి. 2023లో బలగం వచ్చినప్పుడు తెలంగాణలో చానా ఊళ్లల్లో తెర కట్టి ఊరంతా కూసోని చూసిన్రు. మేం మా రూములో ఒక ల్యాప్‌టాప్ బకెట్ బోర్లేసి దాని మీద పెట్టి చూసినం. మాలో ఒక అన్న ఉంటడు. 2021 ఏప్రిల్‌లో ఇండియా నుంచి ఇక్కడికి ఫ్లైట్లు బంద్ అయిన రోజుల్లో వాళ్ల నాయిన చనిపోయిండు. పోతే మళ్ల రాలేడు, రాకుంటే అప్పు తీరదు. ఆగిపోయిండు. తెల్లారి డ్యూటీకి కూడా పోయిండు. కంట్ల నీళ్లు ఎవరం చూడలే. రెండేండ్ల తర్వాత ఆ సినిమాలో పెద్దమనిషి చనిపోయినంక పిట్ట ముద్ద ముట్టకపోతే ఇంటోళ్లు పడే బాధ చూసి, ఆ అన్న తువ్వాల మొఖం మీద వేసుకొని గంటసేపు ఏడ్చిండు. ఎవరం ఏం అనలే. ఒకరు లేచి చాయ్ పెట్టిన్రు. తెల్లారి ఆయనే అన్నడు, ఇప్పుడు నాయిన దినం చేసినట్టు అయ్యింది తమ్మీ అని.

ఆ రెండు గంటలు 730 లెక్కలో ఏ ఖాతా కింద రాస్తరు?

ఏడుపు ఒక్కటే కాదు. పని చేసే కాడ హిందీ, ఫోర్‌మన్‌తో ముక్కలు ముక్కలు ఇంగ్లిష్, కిరాణం కాడ మలయాళం. పొద్దంతా మన నాలుక మనది కాదు. రాత్రి మై విలేజ్ షో పెట్టుకుంటే గంగవ్వ మా జగిత్యాల మాట మాట్లాడుతది. లంబాడిపల్లి గల్లీలు కనిపిస్తయ్. ఐపీఎల్ అయితే ఇండియాలో ఏడున్నర మ్యాచ్ మనకు ఆరుకే మొదలైతది. మొదటి ఇన్నింగ్స్ బస్సులోనే పోతది, రెండోది స్నానం చేసి వచ్చేసరికి అందుతది. 2020లో ఆ టోర్నీ మొత్తం దుబాయ్, అబుధాబి, షార్జాలలోనే ఆడిన్రు, స్టేడియంలోకి జనాన్ని రానియ్యలే. మన పక్కన ఆడే ఆట మనం కూడా ఊళ్లో వాళ్ల లెక్కనే ఫోన్లో చూసినం. అయినా సిక్స్ కొడితే క్యాంపు మొత్తం ఒక్కసారి అరిచేది. పాకిస్తానీ భాయ్, నేపాలీ తమ్ముడు, మనం, అందరం. ఆ అరుపు కోసమే మనిషి తెల్లారి లేస్తడు.

సరే. సంతోషం ఇంత ఉంటే, దానికి అడ్డం పడేది ఎవరు? అసలు తిట్టాల్సింది వాళ్లను. ఒక్కొక్కరి సంగతి చూద్దాం.

మొదలు క్యాంపు. ఇక్కడి రూల్ ప్రకారం 50 మంది, అంతకంటే ఎక్కువ పనోళ్లున్న కంపెనీ, 1,500 దిర్హాములకు తక్కువ జీతం ఉన్నోళ్లకు వసతి ఇయ్యాలె. ఇస్తున్నరు. ఏసీ ఉంటది, మంచం ఉంటది. కానీ మనిషి అంటే పడుకునే సామాను కాదు గదా. 1961లో అంతర్జాతీయ కార్మిక సంస్థ కార్మికుల ఇండ్ల మీద చేసిన 115వ సిఫారసులో, సామూహిక వసతి కాడ బయట అసొంటి సౌలత్ లేకుంటే విశ్రాంతికి, వినోదానికి గది ఉండాలని ఉంది. అది సిఫారసే, చట్టం కాదు, ఒప్పుకుంట. కానీ మా క్యాంపులో టీవీ రూమ్ కాగితం మీద ఉంది, గోడ మీద టీవీ కూడా ఉంది. రిమోట్ మాత్రం క్యాంప్ బాస్ డ్రాయర్లో ఉంటది. ఇన్‌స్పెక్షన్ నాడు టీవీ నడుస్తది, తెల్లారి రిమోట్ బ్యాటరీ అయిపోతది. ఎన్నడన్నా నడిచినా తెలుగు చానల్ ఒక్కటి ఉండదు.

వైఫై ఇంకో కథ. క్యాంపులో వైఫై కార్డు అమ్ముతరు. ఎనిమిదిన్నర దాకా గుర్రం లెక్క ఉరుకుతది, ఎనిమిదిన్నరకు అందరు రూముకు వచ్చినంక నత్త. సినిమా కొట్లాట సీను మీద ఆగిపోయి గుండ్రంగా తిరుగుతది. హీరో చెయ్యి లేపి పావుగంట అట్లనే నిలబడుతడు. నీళ్లు, కరెంటు లెక్క వైఫై కూడా వసతిలో భాగం కావాలె. అమ్మ మొఖం కనబడేది దాంట్లోనే, జీతం పంపేది దాంట్లోనే, నవ్వేది దాంట్లోనే. దాన్ని వ్యాపారం చేస్తే మన ఒంటరితనం మీద వ్యాపారం చేసినట్టే.

రెండోది మన తెలుగు సినిమా దుకాణం. సినిమా విడుదలైతే ఓవర్సీస్ కలెక్షన్లు అని పోస్టర్లేస్తరు. ఆ ఓవర్సీస్‌లో మనం కూడా ఉన్నమని యాదికుండదు. ఇండియాలో పైసలు కట్టిన యాప్ ఇక్కడ తెరిస్తే సగం సినిమాలు మీ ప్రాంతంలో లేవు అని వస్తది. ఎందుకంటే హక్కులు దేశం వారీగా అమ్ముకుంటరు. యాప్ మన నెట్ అడ్రస్ చూసి ఏ దేశమో గుర్తు పట్టి తలుపు వేస్తది. సరే, ఇక్కడి ప్యాక్ కొందామంటే క్రెడిట్ కార్డు అడుగుతది. మనకు ఉన్నది జీతం పడే కార్డు, అది చానామందికి ఏటీఎంలో తీసుకునేదానికే పనికొస్తది. పైసలు ఇస్తమన్నా తీసుకునేటోడు లేడు!

అప్పుడు ఏమైతది? రెండు దొంగ దారులు కనిపిస్తయ్. ఒకటి చాటుమాటు ఐపీటీవీ. ఏడాదికి ఇంత అని ఒకడు తీసుకుంటడు, నాలుగో నెలకు చానళ్లు పోతయ్, ఫోన్ చేస్తే స్విచాఫ్. మా పక్క రూమోళ్లకు గిదే అయ్యింది. రెండోది వీపీఎన్. తమ్ముళ్లూ, దీని గురించి చెవిలో వేసుకోండి. ఈ దేశంలో 2021 నాటి సైబర్ నేరాల చట్టం ఉంది, నంబర్ 34. వీపీఎన్ లెక్క అడ్రస్ మార్చుకొని నేరం చేసినా, నేరం దాచినా జైలు, 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల దాకా జరిమానా, రెండిట్ల ఒకటన్నా, రెండూ అన్నా. కంపెనీలు ఆఫీసు పనికి వాడుకునేది వేరు, మనం అడ్డదారిలో వాడేది వేరు. 1,200 జీతమున్నోడికి ఆ 5 లక్షలు అంటే 416 నెలల జీతం. దగ్గర దగ్గర 35 ఏండ్లు. ఒక్క సినిమా కోసం. మీ ప్రాంతంలో లేదు అని చెప్పే నిర్మాతకు ఈ లెక్క తెల్వదు. తెలిస్తే బకాలాలో ఫోన్ రీచార్జ్ కార్డు అమ్మినట్టు వారం సినిమా కార్డు అమ్మేటోడు. పది దిర్హాములకు వారం అని పెట్టండి, మా క్యాంపులో రేపే లైను కడతరు. దొంగతనం తప్పని చెప్పేముందు దుకాణం తెరవండి.

మూడోది అన్నింటికన్నా పాడుది. బెట్టింగ్ యాప్. ఇది వినోదం అంగీ తొడుక్కొని వస్తది. రీల్స్ చూస్తుంటే నడుమ వస్తది, మ్యాచ్ చూస్తుంటే పక్కన వస్తది, మనకు తెలిసిన మొఖాలే నవ్వుకుంట చెప్తయ్. తెలంగాణలో 2017లోనే పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను చట్టం తెచ్చి ఆపిన్రు. 2025 ఆగస్టులో దేశం మొత్తానికి పార్లమెంటు చట్టం చేసింది. అదే ఏడాది మార్చిలో బెట్టింగ్ యాప్‌ల ప్రచారం చేసినందుకు సినిమా, యూట్యూబ్ మొఖాల మీద హైదరాబాద్‌లో కేసులు పెట్టిన్రు. అయినా లింకులు ఆగలే, పేరు మార్చుకొని వస్తనే ఉన్నయ్. ఏజెంటు అప్పు తీరక ముందే ఈ అప్పు నెత్తిన పడ్డ పిల్లలు మన మధ్యనే ఉన్నరు. ఇంటికి పైసలు ఆగితే అడిగినోళ్లకు కంపెనీ జీతం ఇయ్యలే అని చెప్తరు.

నీతి మెసేజులు పంపే పెద్దలారా, మీ కోపం అంతా ఇక్కడ పెట్టండి. సినిమా చూసి నవ్వేటోడు ఎవని పైసలూ పోగొడతలేడు. వాణ్ణి, బెట్టింగ్‌లో మునిగినోణ్ణి ఒకే ఫోన్ పిచ్చి ఖాతాలో రాస్తే నష్టం ఎవరికో తెలుసా? మునిగినోడికే. వాడు అసలు సంగతి ఎవరికి చెప్పుకోవాలె? ముందే సినిమా చూస్తడని తిట్టే ఇంటికి, బెట్టింగ్ ఆడిన అని ఎట్ల చెప్తడు? మీ సుద్దులే వాని నోరు మూసినయ్.

ఇప్పుడు మనోళ్లకు నాలుగు మాటలు. నీతి కాదు, ఒకే రూములో ఉండేటోళ్ల కట్టుబాటు అనుకోండి.

ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. రాత్రి డ్యూటీ చేసి పడుకున్నోడు మన సినిమాకు టికెట్ కొనలే.

పదిన్నరకు ఆపండి. రీల్స్‌కు ఇంటర్వెల్ ఉండదు, శుభం కార్డు పడదు. అది ఆగదు కాబట్టి మనమే ఆపాలె. సినిమా మనం ఎంచుకుంటం, రీల్ మనల్ని ఎంచుకుంటది. రెండు గంటలు మనవి అని కొట్లాడి ఒక మెషిన్ చేతిలో పెట్టుడు ఎందుకు?

వారానికి ఒక సినిమా అందరు కలిసి చూడండి. ఎనిమిది మంది ఎనిమిది ఫోన్లు పట్టుకుంటే అది రూమ్ కాదు, ఎనిమిది డబ్బాలు. కలిసి చూస్తే ఎవరు నవ్వుతలేరో తెలుస్తది. నవ్వనోడిని చాయ్ కాడ మెల్లగ అడగండి. క్యాంపుల్లో మనం పోగొట్టుకున్న తమ్ముళ్లను యాది చేసుకోండి, చివరి నెలలో వాళ్లు దుప్పటి కింద ఒక్కళ్లే ఉన్నరు.

ఎండకాలం మధ్యాహ్నం విరామం ఉంటది కదా, జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా, పన్నెండున్నర నుంచి మూడు. అప్పుడు ఇండియాలో రెండు దాటుతది. అమ్మకు అప్పుడే ఫోన్ చేయండి. రాత్రి రెండు గంటలు మీకు మిగుల్తయ్, అమ్మకు నిద్ర మిగుల్తది.

ఇగ కంపెనీ సంగతి. పని బంద్ పెట్టుమని నేను చెప్తలేను. ఇక్కడ అది కుదరదు, కేసులైతయ్, టికెట్ చేతిలో పెడతరు. కానీ హెచ్‌ఆర్ వాళ్లు క్యాంపు చూడొచ్చినప్పుడు తిండి ఎట్లుందని అడుగుతరు. అప్పుడు తిండి బాగుందని చెప్పి ఊకోకండి. టీవీ రూమ్ తాళం సంగతి చెప్పండి, రిమోట్ సంగతి చెప్పండి, వైఫై సంగతి చెప్పండి. మర్యాదగా చెప్పండి, కానీ చెప్పండి. ఏసీ అడిగేటప్పుడు సిగ్గుపడనోళ్లం, టీవీ అడగడానికి ఎందుకు సిగ్గు? మనకే లోపల ఒక భయం ఉంది, నవ్వితే కష్టపడనోని లెక్క కనిపిస్తమేమో అని. ఇంటోళ్లకు కూడా నవ్వే ఫోటో పంపాలంటే ఆలోచిస్తం, ఈనకు మస్తు పైసలున్నయ్ అనుకుంటరని. ఏడ్చుకుంట పంపితేనే చెమట పైసలు, నవ్వుకుంట పంపితే కావా?

పంపాల్సింది పంపుతున్నం. వడ్డీ కడుతున్నం. చెల్లె పెండ్లి చేస్తున్నం, ఇల్లు కడుతున్నం. ఇవన్నీ ఇరవై రెండు గంటల నుంచి తీసుకోండి. ఆ రెండింటి మీద చెయ్యి పెట్టకండి.

ఆ మెసేజ్ మళ్ల వస్తే, కింద "కరెక్ట్ అన్నా" అని రాయకండి. ఈ పోస్టు పెట్టండి. మీ క్యాంపులో టీవీ రూమ్ తెరిచి ఉందా, తాళం ఉందా, వైఫై ఎంతకు అమ్ముతున్నరో కామెంట్లో రాయండి. కంపెనీ పేరు రాయకండి, మీకే ఇబ్బంది. ఏ ఏరియానో రాస్తే చాలు. బెట్టింగ్‌లో ఇరుక్కున్న తమ్ముళ్లెవరన్నా ఉంటే ఇన్‌బాక్స్‌లో రాయండి. తిట్ట, సుద్దులు చెప్ప. ముందు ఆ యాప్ తీసేద్దాం, తర్వాత ఇంటికి ఏం చెప్పాల్నో కలిసి ఆలోచిద్దాం.